దస్తీ కనిపించేంత దూరం

మున్సిపాలిటీలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఇళ్ల కొలతలు తీయడం, మోరీల మీద కట్టిన మెట్లు తీయించడం, రోడ్డు మీదికి జరిగిన రేకులను వెనక్కి జరిపించడం, ఇవే నా పనులు. మా పట్నంలో నన్ను ఒక్కసారైనా తిట్టుకోని దుకాణదారు లేడు. ఈమధ్య ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీ సర్వీసులో చేసిన మంచి పని ఒకటి చెప్పండి సార్ అంటారు. గట్టిగా చెప్పుకునేంత మంచి పని ఎంత వెతికినా దొరకదు. చేసిన తప్పు ఒకటి మాత్రం బాగా గుర్తుంది. దాన్ని సరిచేసిన మనిషి ఇంకా బాగా గుర్తుంది. అదే చెప్తాను. పేర్లు అడగొద్దు. వాళ్లంతా ఇంకా ఆ బజారులోనే ఉన్నారు, నేనూ రోజూ అక్కడే చాయ్ తాగాలి. పట్నం పేరు కూడా వద్దు. కరీంనగర్ నుంచి మెట్‌పల్లి దిక్కు పోయే దారుల్లో ఎక్కడో ఉందనుకోండి.

ఊరి నడిబొడ్డున పాత బస్టాండు ఉండేది. స్లాబు పెచ్చులు ఊడి ప్రయాణికుల నెత్తిన పడుతుంటే, దాన్ని కూలగొట్టి కొత్తది కట్టాలని మంజూరు వచ్చింది. కట్టే రెండేళ్లూ బస్సులన్నీ సంత మైదానంలో ఆగాలి. బాగానే ఉంది. కానీ ఆ బస్టాండు గోడను ఆనుకుని చుట్టూ ఇరవై రెండు దుకాణాలుండేవి. చాయ్ హోటలు, చెప్పుల దుకాణం, గాజులు, పండ్లు, పేపర్లు, దర్జీ, సెల్ ఫోన్ రిపేరు, ఇట్లా. గోడతో పాటు అవీ పోతాయి. వాళ్లకు సంత మైదానంలో రేకుల షెడ్లు వేయించి, అక్కడికి చేర్చి, కొత్త బస్టాండు అయ్యేదాకా వాళ్ల బతుకుదెరువు ఆగకుండా చూడాలి. ఆ బాధ్యత నా మీద పడింది. మా కమిషనర్ గారు ఇచ్చిన ఆర్డరు ఒక్క ముక్కే. ఎవరూ ధర్నాకు కూర్చోవద్దు, ఎవరూ నా దగ్గరికి రావద్దు.

నాకు అప్పటికి యాభై ఎనిమిది దాటాయి. ఇంతకాలం దుకాణాలు తీయించినవాణ్ని, ఇప్పుడు దుకాణాలు పెట్టించే పని దొరికిందని లోపల సంతోషంగానే ఉంది. షెడ్లు గట్టిగా వేయించాను. మైదానం మూడు దిక్కులా వరుసగా, కింద సిమెంటు, లోపల ఒక లైటు, ఒక ఫ్యాను పాయింటు. ఇక ఎవరికి ఏ షెడ్డు? ఇక్కడ నేను బాగా ఆలోచించాననుకున్నాను. మనిషి చేతిలో పెడితే పక్షపాతం అంటారు, అందుకే చిట్టీలు వేద్దామని నిర్ణయించాను. ఇరవై రెండు చిట్టీలు మడిచి స్టీలు బిందెలో వేసి, ఎవరి చిట్టీ వాళ్లనే తీసుకోమన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బిందె పట్టుకున్న ఫొటో పేపర్లో కూడా వచ్చింది. ఆ పేపరు ముక్క మా ఇంట్లో ఇంకా ఉంది, మా ఆవిడ దాచిపెట్టింది. నేను దాన్ని చూడను.

ఆ రోజు చిట్టీ తీసే ముందు ఒక్క మనిషి మాత్రం ఒక మాట అడిగింది. ఆమెను బజారులో అందరూ ప్యాకింగక్క అంటారు. నలభై ఏళ్లుంటాయి. బక్కపలుచని మనిషి, గొంతు మాత్రం మైదానం ఆ చివరకు వినిపిస్తుంది. గల్ఫ్ పోయేవాళ్ల కార్టన్లు కట్టడం ఆమె పని. అట్టపెట్టెలో సామాను సర్ది, తూకం చూసి, పైన గుడ్డ వేసి దబ్బనంతో కుట్టి, సుతిలి తాడుతో బిగించి, నాలుగు దిక్కులా మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి ఇస్తుంది. ఆమె కట్టిన పెట్టె విమానంలో ఎంత మంది విసిరినా విప్పుకోదని పేరు. అచ్చు పుస్తకంలో ఉన్నట్టుండే చేతిరాత.

అంతేకాదు. మస్కట్‌లో ఉన్న కొడుక్కి మామిడి తొక్కు పంపాలనుకున్న తల్లి, దాన్ని ఆమె దుకాణంలో ఇచ్చి పోతుంది. ఆ పక్క ఊరి నుంచి ఎవరైనా మస్కట్ పోయేవాళ్లు పెట్టె కట్టించుకోవడానికి వస్తే, వాళ్ల చేత ఇది పంపుతుంది. మూట తీసుకునేటప్పుడు ఇచ్చినవాళ్ల ముందూ, అప్పగించేటప్పుడు పట్టుకుపోయేవాళ్ల ముందూ ప్రతి డబ్బా మూత తీసి చూస్తుంది. తెలియని మందు గోలీలు ఉంటే పక్కన పెట్టేస్తుంది. ఎంత మొత్తుకున్నా పంపదు. అట్లాంటి గోలీల వల్ల అక్కడ జైలుకు పోయిన వాళ్లున్నారని ఆమెకు తెలుసు. ఇన్నేళ్లలో ఆమె దుకాణం నుంచి పోయిన మూట వల్ల ఒక్కరికీ పరేషాని రాలేదు. సంతకం, రసీదు ఏమీ లేకుండా ఇంత పెద్ద వ్యవహారం నడిపిన మనిషిని నేను ఆఫీసులో కూడా చూడలేదు.

ఆమె అడిగింది ఇదీ. "సార్, బస్సులు ఏడేడ ఆగుతయి?"

నేను చిరాకుపడ్డాను. అది బస్సోళ్ల పని, మన పని షెడ్లు అన్నాను. ఆమె బిందెలో చెయ్యి పెట్టి చిట్టీ తీసింది. పద్దెనిమిదో నంబరు.

బస్సులు మైదానానికి మారాయి. దుకాణాలు మారాయి. పది రోజుల్లోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. గిరాకీ లేదు. చాయ్ హోటలతను పొద్దున మరిగించిన పాలు మధ్యాహ్నం ఇంటికి పట్టుకుపోతున్నాడు. గాజులామె కూర్చుని కూర్చుని స్వెట్టర్లు అల్లుతోంది. నాకు అర్థం కాలేదు. అవే బస్సులు, అదే జనం, అవే దుకాణాలు. మధ్యలో ఏం పోయింది?

జనానికి తెలియక అనుకున్నాను. బోర్డులు రాయించాను. పాత బస్టాండు నుంచి మైదానం దాకా బాణం గుర్తులు పెట్టి, "తాత్కాలిక వ్యాపార సముదాయము" అని పెద్ద అక్షరాలతో. ఆ మాట నేనే వెతికి పెట్టాను. ఆటోలో మైకు పెట్టి మూడు రోజులు తిప్పించాను. చెప్పుల దుకాణం చాచా నన్ను ఆపి, చాలా మర్యాదగా, "బోర్డు చదివి చెప్పులు కొన్నోడు నాకైతే ఇంకా దొరకలే సాబ్, దొరికితే మీ కాడికి తోలుతా" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఒక రోజు పొద్దున పద్దెనిమిదో షెడ్డు ముందు నుంచి పోతుంటే ప్యాకింగక్క కనిపించింది. దబ్బనాలు, సుతిలి ఉండలు ఒక డబ్బాలో సర్దుతోంది. షెడ్డు ఖాళీ చేస్తున్నావా అమ్మా అని అడిగాను. ఇంకా లేదు సార్, నెల దాకా చూస్తా అంది. నెల తర్వాత ఏం చేస్తావంటే, చాలా మామూలుగా చెప్పింది. మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపనికి మనిషి కావాలట, ఏజెంటు ఆమెను అడిగాడట, రెండేళ్ల ఒప్పందం. ఆమె మొగుడు అక్కడే బిల్డింగు పనిలో పైనుంచి పడి, నడుం దెబ్బతిని వచ్చి ఇంట్లో ఉన్నాడు. బరువు ఎత్తలేడు, ఎక్కువసేపు కూర్చోలేడు. బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం. తల్లి పోతే బిడ్డ చదువు ఆపి తండ్రిని చూసుకోవాలి. దుకాణం నడిస్తే ఇది ఏదీ అక్కర్లేదు. నడవకపోతే వేరే దారి లేదు.

"అందరి పెట్టెలు కట్టిన. నా పెట్టె గూడ నేనే కట్టుకుంట, అంతే గదా సార్," అంది.

ఆ మాట అంటూ ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. స్టీలు బిందె పట్టుకుని ఫొటో దిగిన చెయ్యి నాది. ఈ మనిషి దుకాణాన్ని ఇక్కడికి తెచ్చింది నేను. నేను మొహం కూడా చూడని ఆ పిల్ల చదువు నా చిట్టీ మీద ఆధారపడి ఉంది. ఎందుకు నడవడం లేదు, నీకేమైనా తెలుసా అని అడిగాను. ఆ ప్రశ్న నేను ఆ రోజే మొదటిసారి అడిగాను. అంతకుముందు బోర్డు రాసేవాణ్ని అడిగాను, కాంట్రాక్టరును అడిగాను, పేపరు విలేకరిని అడిగాను. దుకాణం నడిపే మనిషిని అడగలేదు.

"జర గీడ కూసోండ్రి. బస్సు వచ్చేదాక చూద్దురు," అని స్టూలు వేసింది.

గోదావరి ఒడ్డు ఊర్లకు పోయే బస్సు మైదానం అవతలి మూలన ఆగింది. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊర్లు అవి. ఒక పెద్దమనిషి పరుగున వచ్చి కిటికీలోంచి సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేశాడు. సీటు దక్కింది. మన దగ్గర దస్తీ వేసిన సీటును ఎవరూ ముట్టుకోరు, రిజర్వేషన్ టికెట్ ఉన్నా ఇంత గౌరవం ఉండదు. ఇక బస్సు కదలడానికి పావుగంట ఉంది. ఆ మనిషి బస్సెక్కకుండా ఎదురుగా ఉన్న షెడ్డు దాకా వచ్చాడు. అక్కడ సెల్ ఫోన్ రిపేరు దుకాణం. కాసేపు దాన్ని చూశాడు, వెనక్కి తిరిగి బస్సును చూశాడు, పక్క షెడ్డు చూశాడు, మళ్లీ బస్సును చూశాడు. తర్వాత పోయి తన సీట్లో కూర్చున్నాడు. ఆయన తర్వాత ఇంకో పది మంది అట్లాగే చేశారు. దస్తీ కనిపించేంత దూరమే వాళ్ల బజారు. అది దాటి ఒక్కరూ రాలేదు.

ప్యాకింగక్క వివరంగా చెప్పింది. పాత బస్టాండులో గోదావరి ఊర్ల బస్సు ఆమె దుకాణం ముందే ఆగేది. దస్తీ వేసి, బస్సు మీద ఒక కన్నేసి, ఆమె దగ్గర మూట ఇచ్చి పోయేవాళ్లు. దూరపు బస్సులు ఐదు నిమిషాలే ఆగుతాయి కాబట్టి వాటి ముందు చాయ్ హోటలు ఉండేది. గుట్టల మీది ఊర్ల బస్సు ముందు చెప్పుల చాచా. ఆ రాళ్ల దారుల్లో చెప్పులు తొందరగా అరుగుతాయి. ఎవరూ కూర్చుని ప్లాను గీయలేదు. ముప్పై నలభై ఏళ్లలో దుకాణాలు, బస్సులు ఒకదాన్ని చూసి ఒకటి సర్దుకున్నాయి. నేను ఒక్క పొద్దున బిందెలో వేసి కలిపేశాను. ఇప్పుడు ఆమె ముందు ఆగేది ఆదిలాబాద్ దిక్కు పోయే దూరపు బస్సు. అందులో వాళ్లకు చాయ్ కావాలి. చాయ్ హోటలేమో ఆ మూలన, రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే పల్లె బస్సు ముందు పడింది.

ఆ సాయంత్రమే అందరినీ పిలిచి, చిట్టీలు రద్దు చేద్దాం, ఎవరి పాత వరుస వాళ్లకు ఇద్దాం అన్నాను. గొడవ గొడవ అయింది. నలుగురైదుగురికి కొత్త షెడ్లు కలిసివచ్చాయి, వాళ్లు మేం కదలం అన్నారు. కొందరు కరెంటు మీటర్లు పెట్టించుకున్నారు, అరలు కొట్టించుకున్నారు. గాజులామె, మళ్లీ మోసి మళ్లీ దించడం నా తరం కాదు, గాజులు సగం పగిలాయి అని ఏడ్చినంత పని చేసింది. మీ చిట్టీనే గదా సార్ అని ఒకతను అన్నాడు. అందరూ అరుస్తుంటే, అన్నీ విన్న తర్వాత ప్యాకింగక్క లేచింది.

"దుకాణాలు కదలవు సార్. బస్సులకు చక్రాలున్నయి గదా," అంది.

నాకైతే సిగ్గూ సంతోషమూ రెండూ కలిగాయి. షెడ్లు ఎక్కడివక్కడే ఉంచి, ఏ బస్సు ఏ షెడ్డు ముందు ఆగాలో మార్చితే చాలు. ఇంజనీరింగ్ చదివినవాణ్ని, నెల రోజులుగా బాణం గుర్తులు గీస్తున్నాను.

కానీ బస్సులు మా చేతిలో లేవు. బస్టాండు కంట్రోలర్ చేతిలో ఉన్నాయి. ఆయన సంగతి చెప్పాలి. ఇస్త్రీ నలగని చొక్కా, ఎదురుగా ఒక రిజిస్టరు, పక్కన మైకు. ఇరవై ఏళ్లుగా ఏ బస్సు ఏ నిమిషానికి కదిలిందో రాసినవాడు. ఆయన రిజిస్టరు చూసి జనం గడియారాలు సరిచేసుకోవచ్చు. మార్పు అనే మాటే ఆయనకు గిట్టదు. మేమిద్దరం పోయి అడిగితే, డ్రైవర్లు ఎటు తిప్పాలో, ఎటు వెనక్కి తీయాలో ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నారు, కుదరదన్నాడు. ప్యాకింగక్క తన సంగతి ఒక్క మాట కూడా ఎత్తలేదు. మస్కట్ గురించి చెప్పు అని నేను సైగ చేశాను. ఆమె చెప్పలేదు. మీ బస్సుల్లో ఎక్కేటోళ్లు చాయ్ కోసం మైదానం అవతలికి ఉరికి, బస్సు పోయిందని మీ మీదనే లొల్లి చేస్తున్నరు గదా అన్నా అని మాత్రం అంది. కంట్రోలర్ రిజిస్టరు మూశాడు. ఆ లొల్లి రోజూ పడుతున్నాడు పాపం.

చివరికి పై ఆఫీసుతో మాట్లాడి ఒక్క రోజు ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. ఆ రోజు ఫిర్యాదుల పుస్తకంలో మూడు ఫిర్యాదులు పడ్డాయంటే, మర్నాటి నుంచి అన్నీ పాత పద్ధతే. ఏజెంటు ప్యాకింగక్కకు ఇచ్చిన గడువు కూడా సరిగ్గా ఆ రోజు సాయంత్రంతోనే తీరుతుంది. ఆమె ఆ సాయంత్రం అవునో కాదో చెప్పకపోతే వీసా ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఒప్పుకుంటే పది రోజుల్లో ప్రయాణం.

ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. పొద్దున ఆరింటికి మొదలైంది గందరగోళం. జనం అలవాటు కొద్దీ పాత చోటికి ఉరికారు. ఒకాయన తన ఊరి బస్సనుకుని వేరే బస్సులో దస్తీ వేశాడు. ఆ బస్సు దస్తీతో సహా పోయింది. ఆయన నా చొక్కా పట్టుకున్నాడు, నేనే కారణమని ఎవరు చెప్పారో. కంట్రోలర్ మైకు వదలకుండా అరుస్తూనే ఉన్నాడు. ప్యాకింగక్క తన షెడ్డు తెరవనే లేదు. మైదానం నడిమధ్యలో నిలబడింది. వచ్చే మనిషి మొహం చూసి ఏ ఊరో చెప్పేది. ఓ బాపూ, మీ బస్సు అటు. పెద్దవ్వా, మీది చెప్పుల దుకాణం ముందట. ఇరవై ఏళ్లుగా పెట్టెల మీద వాళ్ల ఊర్ల పేర్లు రాసిన మనిషి, ఏ ఇంటివాళ్లు ఏ ఊరివాళ్లో ఆమెకు మనసులో ఉంది. మా బాణం గుర్తులు ఒక్కటీ ఆ పని చేయలేకపోయాయి.

మధ్యాహ్నానికి ఒక ఫిర్యాదు పడింది. ఆ తర్వాత ఒక ముసలాయన వచ్చి, బస్సు కోసం గంటసేపు తిరిగాను, నేనూ రాస్తాను అన్నాడు. ఆయనకు రాయడం రాదు. చుట్టూ చూసి, నీ అక్షరాలు మంచిగుంటయట, రాసిపెట్టు బిడ్డా అని ఆమెకే పుస్తకం ఇచ్చాడు. ఏదో ఒకటి చెప్పి పంపించెయ్ అని ఆమె చెవిలో అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి కింద కూర్చుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట తగ్గించకుండా, తన చక్కటి అక్షరాలతో రాసింది. చదివి వినిపించి వేలిముద్ర వేయించింది. అది రెండో ఫిర్యాదు. ఇంకొక్కటి పడితే ఆమె దుకాణం పోతుంది. అది తెలిసే రాసింది. నేను మున్సిపాలిటీలో ఎన్నో సంతకాలు చూశాను, ఇంత నిజాయితీగా రాసిన కాగితం ఇంకొకటి చూడలేదు.

మూడో ఫిర్యాదు రాలేదు. సాయంత్రం ఐదు దాటేసరికి మైదానం తనంతట తాను సర్దుకుంది. దూరపు బస్సు దిగినవాళ్లు ఎదురుగా చాయ్ చూసి గుమిగూడారు. చెప్పుల చాచా ఒకేసారి ఇద్దరి కాళ్లు కొలుస్తున్నాడు. కంట్రోలర్ ఫిర్యాదుల పుస్తకం మూసి, పూర్తిగా పోయిన గొంతుతో, రేపు కూడా ఇట్లనే అన్నాడు. ఆయన గొంతు మళ్లీ బాగుపడడానికి నాలుగు రోజులు పట్టింది.

అప్పుడు ప్యాకింగక్క షెడ్డు తాళం తీసింది. సరిగ్గా ఎదురుగా గోదావరి ఊర్ల బస్సు వచ్చి ఆగింది. ఒక ఇంటివాళ్లు నలుగురు ఖాళీ అట్టపెట్టెలు రెండు, తొక్కు డబ్బాలు, సకినాల మూటలు పట్టుకుని దిగారు. అగో, అక్క ఈడనే ఉన్నది, దుకాణం ఎత్తేసిందనుకుంటిమి అని ఆ ఇంటి పెద్దామె అంది. పెట్టె కట్టించాలని కరీంనగర్ దాకా పోవడానికి బయలుదేరారట. ఆమె వెంటనే కింద కూర్చుని సర్దడం మొదలుపెట్టింది. సాయానికి మనిషి లేక అట్టపెట్టె మూత నన్ను పట్టుకోమంది. గెజిటెడ్ ఆఫీసరుకు కూడా ఎదురు చెప్పినవాణ్ని, ఆమె చెప్పినట్టు మూత పట్టుకుని వంగి నిలబడ్డాను.

ఆమె ఫోను మోగింది. రెండు చేతులా దబ్బనం, గుడ్డ. పళ్ల మధ్య సుతిలి. మొదటిసారి ఎత్తలేదు. మళ్లీ మోగింది. తలతో నాకు సైగ చేసింది. ఎత్తాను. ఏజెంటు. ఏమన్నది సార్ ఆమె, అవుననాలా కాదనాలా అని అడిగాడు. నేను ఆమె వైపు చూశాను. సుతిలి పళ్లలోంచి తీసింది.

"పని మీదున్నదని చెప్పుండ్రి సార్."

పని మీద ఉంది అని చెప్పాను. ఎప్పుడు తీరుతుందట అన్నాడు. అది కూడా అడిగాను. ఆమె పెట్టె మీద కుట్టు లాగి బిగిస్తూ, ఇప్పట్ల తీరదని చెప్పుండ్రి అంది. అదీ చెప్పాను. అవతల ఫోను పెట్టేశాడు. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఆమె మాత్రం మూత గట్టిగా పట్టుకోండ్రి సార్, జారుతుంది అంది. రెండో పెట్టె కట్టడం అయ్యాక, వాళ్లు వెళ్లిపోయాక, నాకు థాంక్స్ చెప్తుందని కొంచెం ఆశపడ్డాను కూడా. ఆమె చెప్పింది వేరు. ఇంకో చోట బస్టాండు కడితే ముందుగాల మమ్ముల అడుగుమని మీ ఆఫీసుల చెప్పుండ్రి సార్ అంది. ఆ మాటకు నేను బాకీ ఉన్నాను. అందుకే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

అందరూ నిలబడ్డారని చెప్తే అబద్ధం అవుతుంది. పేపర్ల దుకాణం మూతపడింది, దర్జీ నిజామాబాద్ పోయాడు. వాళ్లిద్దరికీ నా తెలివి నెల రోజులు ఆలస్యంగా వచ్చింది. మిగతావాళ్లు ఆ మైదానంలో ఎండకూ వానకూ తట్టుకుని రెండేళ్లు నెట్టుకొచ్చారు. వానాకాలంలో బురద అయితే వాళ్లే కంకర తెచ్చి పోసుకున్నారు. ప్యాకింగక్క బిడ్డ ఇంటర్ పాసై డిగ్రీలో చేరింది.

నేను రిటైర్ కావడానికి రెండు నెలలుందనగా కొత్త బస్టాండు తయారైంది. చుట్టూ గోడ వెంట కొత్త దుకాణాలు. ఈసారి చిట్టీలు వేయలేదు, పాత వరుసే ఇచ్చాం. ఇక ఏ ప్లాట్‌ఫాం మీద ఏ బస్సు ఆగాలో తేల్చాలి. కొత్తగా వచ్చిన ఇంజనీరు, ఇరవై ఐదేళ్ల అమ్మాయి, కంట్రోలర్‌తో మాట్లాడి పెన్సిల్‌తో ప్లాను గీసుకుని నా దగ్గరికి వచ్చింది. నన్ను కాదు, పద అని ప్యాకింగక్క దగ్గరికి తీసుకుపోయాను. ఆమె దుకాణం పెద్ద గేటు పక్కనే పడింది. దాని ఎదురుగా మొదటి ప్లాట్‌ఫాం. అక్కడ గోదావరి ఊర్ల బస్సు అని ఆ అమ్మాయి ముందే రాసి ఉంచింది, ఆమె కోసమే.

ప్యాకింగక్క ప్లానును అటూ ఇటూ తిప్పి చూసింది. గేటు ఎక్కడ, ఆటోలు ఎక్కడ నిలబడతాయి అని అడిగింది. ఆటోలు గేటు బయటనే అని చూపించాం. తర్వాత మొదటి ప్లాట్‌ఫాం మీద వేలు పెట్టి, ఈడ కరీంనగర్ బస్సు పెట్టుండ్రి అంది. ఎందుకని ఆ అమ్మాయి అడిగింది. వారంలో మూడు సార్లు కరీంనగర్ దవాఖానకు కిడ్నీల రక్తం కడిగించుకోను పోయేటోళ్లున్నరు బిడ్డా, వచ్చేటప్పుడు వాళ్లకు పది అడుగులు నడువ చాత కాదు, దిగంగనే ఆటో దొరకాలె అంది. అట్లయితే గోదావరి ఊర్ల బస్సు ఆ చివరి ప్లాట్‌ఫాంకు పోతుంది. దస్తీ అక్కడి నుంచి కనిపించదు. అది ఆమెకు తెలియక కాదు. ఆ లెక్క నాకు నేర్పిందే ఆమె.

నేను ఉండబట్టలేక, మరి నీ దుకాణం సంగతి అన్నాను.

"నా కాడికి వచ్చేటోళ్లు గల్ఫ్ పోయేటోళ్లు సార్. మెడికల్ టెస్టు పాసైనోళ్లే పోతరు. నాలుగు అడుగులు ఎక్కువైనా నడుస్తరు తీ," అంది.

ఇంజనీరు అమ్మాయి నా మొహం చూసింది. ఆమె చెప్పినట్టే రాయమ్మా అన్నాను.